ఎర్ర బల్బుల కింద వేసిన వైరింగు

రా అమ్మడూ రా, చెప్పులు అక్కడే ఎక్కడో విడిచెయ్, పర్లేదు. ఏంటా సంచి? నాకేమైనా తెచ్చావా, లేక నాతో పని పడి వచ్చావా? పని పడితే గానీ ఈ చిన్న తాతయ్య గుర్తుకు రాడులే మీకెవరికీ. ఏదీ, ఇలా ఇయ్యి... ఉండుండు, కళ్ళజోడు పెట్టుకోనీ. ఓరి దేవుడా. ఇదెక్కడ దొరికిందే నీకు? అమ్మమ్మ పెట్టెలోనా? చీరల అడుగునా? ఇంకా ఉంచిందన్నమాట అక్క. నేనేమో ఎప్పుడో పాత సామాన్లవాడికి పోయిందనుకున్నా. బాగవుతుందా అని అడుగుతావేంటి, ఇందులో ఒక్క ఐసీ చిప్పు కూడా బతికి లేదు, నాకు తెలుసు. ఏమందీ మీ అమ్మ? "చివర్లో నాన్నకి చూపు ఆనక కాల్చేసుకున్నాడు" అందా? అంటుంది పాపం, దాని తప్పేముంది, మేం దానికి చెప్పింది అదే. అదే విని పెరిగింది. కానీ అది నిజం కాదు. ఈ బోర్డు కాల్చింది మీ తాతయ్య కాదమ్మా. నేను. అలా చూడకు, కూర్చో. ఆ కుర్చీ కాలు ఊగుతుంది, ఈ స్టూలు లాక్కో. నలభై ఏళ్ళ నుంచి గొంతులో అడ్డం పడి ఉంది ఈ మాట, ఇవాళ నువ్వు సంచిలో వేసుకుని మరీ తెచ్చి ముందు పెట్టావు.

మీకిప్పుడు ఆటలన్నీ ఫోన్లోనే. అప్పుడలా కాదు. బీరువా అంత ఎత్తున చెక్క పెట్టె, దానికో టీవీ, కింద ఒక కర్ర పిడి, నాలుగు మీటలు. బిళ్ళ వేస్తే విమానాలు ఎగిరేవి. అలాంటివి వరసగా పాతికా ముప్పై పెట్టి ఆటల హాలు అనేవాళ్ళు. పెట్టె వెనక తలుపు తీస్తే లోపల ఇదిగో ఇలాంటి బోర్డు, అన్నం పళ్ళెమంత. ఆటంతా ఇందులోనే. పెట్టెకి బొక్క పడితే వడ్రంగి ఉన్నాడు, టీవీ పోతే టీవీ మెకానిక్ ఉన్నాడు. బోర్డు పోతే మాత్రం ఊరంతటికీ మీ తాతయ్య ఒక్కడే. బోర్డు మాస్టారు అనేవాళ్ళు. అసలు పేరు ఎవరికీ తెలీదు, ఓసారి పోస్టాయన ఉత్తరం పట్టుకుని అసలు పేరు పెట్టి అడిగితే ఎదురింటివాళ్ళే "అలాంటివాళ్ళెవరూ ఇక్కడ లేరండీ" అని పంపించేశారు. నాకు బావ, అక్క మొగుడు. చదువబ్బక తిరుగుతుంటే చేరదీసి, బోర్డు మీద వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ చేతికిచ్చాడు. పదకొండేళ్ళు పక్కన కూర్చుని నేర్చుకున్నా. నాకంటూ వచ్చిన విద్య ఏదైనా ఉంటే అది ఆయన పెట్టిన భిక్షే.

ఆయన పని ఎలా ఉండేదో చెప్తా విను. ఈ బోర్డుల్లో చిన్న బ్యాటరీ ఒకటి ఉండేది, రూపాయి బిళ్ళంత. ఏళ్ళు గడిస్తే అది కారేది. కారిందంటే చుట్టుపక్కల రాగి గీతలన్నీ తినేసేది, పచ్చగా చిలుం పట్టి. ఇదిగో ఈ మూల చూడు, ఇక్కడ గరుగ్గా లేదూ? అదే. అలాంటి బోర్డు వస్తే మిగతావాళ్ళు "ఇది పోయిందండీ" అని చేతులు దులిపేసుకునేవాళ్ళు. బావ మాత్రం దూదితో వెనిగర్ అద్ది, పళ్ళు తోముకునే బ్రష్షుతో నెమ్మదిగా తోమి, నీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టేవాడు. అవును, నీళ్ళతోనే, కరెంటు లేనప్పుడు దానికి నీళ్ళేం చేస్తాయి, ఆరేదాకా ఓపిక ఉండాలంతే. అక్క ఎన్నిసార్లు గోల పెట్టిందో, "నా బ్రష్షు ఏదండీ? మళ్ళీ ఆ పాడు చిలుం తోమారా? ఈ ఇంట్లో మనుషులు పళ్ళు తోముకోనక్కర్లేదా?" అని. ఇల్లంతా వెనిగర్ కంపు. తర్వాత తెగిపోయిన గీత ఒక్కొక్కదాని మీదా వెంట్రుకంత వైరు వేసుకుంటూ వచ్చేవాడు. తలెత్తేవాడు కాదు, మనం మాట్లాడితే జవాబుండేది కాదు. ఎప్పుడో అరగంటకి "ఊఁ, ఏమన్నావ్?" అనేవాడు. నేను అప్పటికే అడిగింది మర్చిపోయి ఉండేవాణ్ణి.

బాగు చెయ్యడం కంటే, బాగుచేసినదాన్ని పెట్టెలో పెట్టేటప్పుడు ఎక్కువ భయపడేవాడు ఆయన. ఇక్కడ చూడు, అంచున దువ్వెన పళ్ళలా ఉన్నాయే, వీటికి పెట్టెలోంచి వచ్చే కనెక్టరు తగులుతుంది. ఈ పన్నుకి ఐదు వోల్టులు, రెండు పళ్ళు దాటితే పన్నెండు వోల్టులు. ఐదు రావాల్సిన చోట పన్నెండు వచ్చిందనుకో, ఒక్క క్షణం, అంతే, నెల రోజుల పని బూడిద. అందుకని ఆయనకి రెండు పట్టింపులు ఉండేవి. ఒకటి, ఖాళీ కనెక్టరుని మీటరుతో కొలిచాకే బోర్డు పెట్టాలి, అదీ ఇద్దరు మనుషులు కొలవాలి. ఒకడు మీటరు పుల్ల తాకిస్తే ఇంకొకడు అంకె పైకి చదవాలి. ఒక్కడే రెండూ చెయ్యకూడదు. "ఒక్కడే చేస్తే వాడికి కావాల్సిన అంకే కనిపిస్తుందిరా" అనేవాడు. రెండోది, హాల్లో వైరింగు వెయ్యకూడదు. ఎందుకంటే హాళ్ళన్నిట్లో ఎర్ర బల్బులు పెట్టేవాళ్ళు, తెర మీద బొమ్మ బాగా కనబడాలని. ఎర్ర బల్బు కింద ఎర్ర వైరూ పసుపు వైరూ ఒకేలా ఉంటాయమ్మా, నువ్వు కావాలంటే చూసుకో. మా లెక్కలో ఎరుపంటే ఐదు, పసుపంటే పన్నెండు. అందుకని పెట్టె ఎంత బరువైనా సరే గుమ్మం దాకా లాక్కొచ్చి, పగటి వెలుతురులో వెయ్యాల్సిందే. నేను విసుక్కునేవాణ్ణి. "నీ చాదస్తంతో నా నడుం విరుగుతోంది బావా" అంటే, "నడుం విరిగితే కట్టు కట్టుకోవచ్చు, బోర్డుకి కట్టు కట్టలేం, లాగు లాగు" అనేవాడు.

అప్పటికి ఆయనకి ఎడమ కంటికి ఆపరేషన్ అయ్యి ఏడాది. బాగానే కనబడేది. నేను పక్కనే ఉన్నా కదా, నాకు తెలుసు, ఆయన వేసిన అతుకు నేను వెయ్యలేకపోయేవాణ్ణి. కానీ లోకం ఊరుకుంటుందా? కంటికి పచ్చగుడ్డ కట్టుకుని పది రోజులు తిరిగాడు, అది చాలు. "మాస్టారికి కళ్ళు పోతున్నాయట" అని ఒకడు, "మొన్న మా బోర్డు రెండు వారాలు ఉంచుకున్నాడు, ఇదివరకైతే మూడు రోజులే" అని ఇంకొకడు. వచ్చే బోర్డులు తగ్గిపోయాయి. ఆయన పైకి ఏమీ అనేవాడు కాదు గానీ, ఓ రోజు నాతో అన్నాడు, "నాకు ఇంకే పనీ రాదురా. ఈ చేతుల మీద జనానికి నమ్మకం పోతే నేనేంటి మరి?" అని. నవ్వుతూనే అన్నాడు.

అప్పుడొచ్చింది ఈ బోర్డు. పెద్ద బజారు మేడ మీద హాలు ఉండేది, దాని ఓనరుని తాళాలాయన అనేవాళ్ళం, మొలకి ఇంత గుత్తి కట్టుకుని గలగలమంటూ తిరిగేవాడు, మనిషి కనబడక ముందే వినబడేవాడు. ఆయన హాలుకి పేరు తెచ్చిన ఆట ఇదే. బ్యాటరీ కారి మూడొంతులు తినేసింది. ఇద్దరు ముగ్గురికి చూపిస్తే పారెయ్యమన్నారట. చివరికి బావ దగ్గరికి తెచ్చి, "మాస్టారూ, మీ వల్ల కాకపోతే కాదని చెప్పెయ్యండి, నేనేం అనుకోను" అన్నాడు. ఆ మాటలో ఉన్న ముల్లు నాకే గుచ్చుకుంది, ఆయనకి గుచ్చుకోదా? నలభై రోజులు పట్టుకు కూర్చున్నాడమ్మా. ఇదిగో లెక్కపెట్టు, ఈ సన్నటి వైర్లు, నూట పదమూడు. ఇంట్లో బల్ల మీద పెట్టి చూస్తే బంగారంలా ఆడింది. అక్కని వంటింట్లోంచి పిలిచి మరీ చూపించాడు. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, "బావుందండీ, ఇప్పుడైనా బ్రష్షు ఇస్తారా?" అంది. ఆ పూట ఆయన నవ్వినట్టు నేను మళ్ళీ చూడలేదు.

ఇంక నా సంగతి. మర్నాటి నుంచి హాల్లో ఈ ఆట మళ్ళీ పెట్టాలి, అందుకని కొత్త పెట్టె వచ్చింది, దానికి వైరింగు వెయ్యమని నన్ను ముందు పంపించాడు. "బోర్డు తుడిచి నేను నాలుగింటికి తెస్తా. పెట్టె మెట్ల దగ్గరికి లాక్కో, వెలుతురులో వెయ్యి. కొలవకుండా ఉంచు, నేనొచ్చాక ఇద్దరం కొలుద్దాం" అన్నాడు. సరే అన్నా. వెళ్ళి చూస్తే పెట్టె ఆ చివర గోడకి ఉంది, మధ్యలో పాతిక పెట్టెలు. లాగాలంటే అవన్నీ జరపాలి. మిట్ట మధ్యాహ్నం, కిటికీలు మూసేసి ఉక్క. నేనేం అనుకున్నానంటే, పదకొండేళ్ళుగా వేస్తున్నా, కళ్ళు మూసుకుని వేస్తా, ఎర్ర బల్బు అయితేనేం, నల్ల బల్బు అయితేనేం అనుకున్నా. ఒళ్ళు బద్ధకం తల్లీ, ఇంకే కారణమూ లేదు. ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందనో, తొందర పనుందనో చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. ఏమీ లేదు. బద్ధకం, పొగరు. అక్కడే కూలబడి గంటలో వేసేసి, మిగతా పూటంతా ఫ్యాను కింద పడుకున్నా.

నాలుగింటికి బావ వచ్చాడు. బోర్డుని తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లని తెచ్చినట్టు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. పెట్టె గోడ దగ్గరే ఉండటం చూశాడు. "ఇక్కడే వేశావా?" అన్నాడు. "టార్చి పెట్టుకుని వేశా బావా" అన్నా. మొదటి అబద్ధం. "సరే, మీటరు తియ్యి." అప్పటికే తాళాలాయన పక్కన నిలబడి గుత్తి ఆడిస్తున్నాడు. "ఇంకా ఏం కొలుస్తారండీ మాస్టారూ, ఇంట్లో ఆడిందన్నారుగా? నమ్మకం లేదా మీకు?" అంటున్నాడు. బావ నా వైపు చూశాడు. నేను, "కొలిచేశా బావా, వాచ్‌మన్ చదివాడు, నేను తాకించా. సరిగ్గా ఉన్నాయి" అన్నా. రెండో అబద్ధం. ఎందుకన్నానంటే ఏం చెప్పను? ఆ తాళాలాయన ముందు బావ మళ్ళీ వంగి, కళ్ళు చికిలించి మీటరు చూస్తుంటే ఆయన నవ్వుతాడని. బావ పరువు కాపాడుతున్నా అనుకున్నా, వెధవని. మీ తాతయ్య నా మాట నమ్మాడు. బోర్డు పెట్టాడు, స్విచ్చి వేశాడు. తెర మీద ఏమీ రాలేదు. ఒక్క గుక్క తిప్పుకునేలోపు చిప్పులు కాలిన వాసన వచ్చింది. ఆ వాసన ఈ పని చేసేవాడు ఎవడూ మర్చిపోడు. ఆయన స్విచ్చి ఆపేశాడు గానీ అప్పటికే అయిపోయింది.

తాళాలాయన అరవలేదు. అరిచినా బాగుండేది. "నేను ముందే అన్నాను కదండీ మాస్టారూ, కాకపోతే కాదని చెప్పమని? చూపు సరిగా లేనప్పుడు ఇంట్లో కూర్చోవాలి గానీ, ఎందుకొచ్చిన పట్టుదల?" అన్నాడు. బావ మొహం కడుక్కొస్తానని బయటికి వెళ్ళాడు, ఈయన గలగలమంటూ వెనకే వెళ్ళాడు. నేనొక్కణ్ణే మిగిలా. టార్చి తీసి వేశా. తెల్లటి వెలుతురులో కనబడింది, పెట్టెలోకి కరెంటు వచ్చే చోట ఎర్రది ఉండాల్సిన స్క్రూ కింద పసుపుది.

ఇప్పుడు చెప్పేదే అసలు తప్పు. వైరు మారడం పొరపాటు, ఎవడికైనా జరుగుతుంది, బావే క్షమించేవాడు, రెండు తిట్టి ఊరుకునేవాడు. నేనేం చేశానో తెలుసా? స్క్రూడ్రైవరు తీసి ఆ రెండు వైర్లూ మార్చేశా. రెండు స్క్రూలు, అర నిమిషం పని. ఆయన తిరిగొచ్చి, బోర్డు ఊడదీసి, "పట్టరా, ఇప్పుడైనా కొలుద్దాం. నువ్వు తాకించు, నేను చదువుతా" అన్నాడు. తాకించా. ఆయన చదివాడు, మొహం మీంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. "ఐదు." మళ్ళీ తాకించా. "పన్నెండు." ఇంకోసారి చదివాడు. ఆ తర్వాత మీటరు కింద పెట్టి, "వైరింగు సరిగ్గానే ఉందిరా. అయితే నాదే" అన్నాడు. ఆ అంచున చిలుం తిన్న చోట ఆయన వేసిన వైర్లు ఉన్నాయిగా, ఐదుకీ పన్నెండుకీ మధ్యలోంచి పోతాయి, వాటిలో ఏదో పక్కదానికి తగిలిందనుకున్నాడు. నేను కాదనలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డా.

బస్సులో చెబ్దామనుకున్నా, పక్కన జనం. ఇంటికెళ్ళాక చెబ్దామనుకున్నా, అక్క ఎదురొచ్చింది. పొద్దున్నే చెప్తా అనుకున్నా. అలా వారం, నెల. చెప్పకుండా గడిచిన ఒక్కో రోజూ చెప్పడం ఇంకాస్త కష్టం చేసింది, అంతే. ఆయన మాత్రం సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టేశాడు. "నీ చెయ్యి బాగుంది, నువ్వే చూసుకో" అని కొట్టు నాకు అప్పజెప్పాడు. అప్పట్నుంచి ఇంట్లో ఫ్యూజు పోయినా ముట్టుకునేవాడు కాదమ్మా! నాకు కబురు పెట్టేవాడు. ఊరంతటి బోర్డులూ బాగుచేసిన మనిషి, ఫ్యూజు తీగ వెయ్యడానికి బావమరిదిని పిలిచేవాడు, నేను వేస్తుంటే దూరంగా నిలబడి "జాగ్రత్తరా" అనేవాడు. నాకు ఆ స్టూలు మీంచి దూకి చచ్చిపోవాలనిపించేది.

పగలంతా కిటికీ దగ్గర, తాళాలాయన వద్దని వదిలేసిన ఈ బోర్డు ముందేసుకుని, భూతద్దంతో ఒక్కో వైరూ చూసుకుంటూ కూర్చునేవాడు. తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కుంటున్నాడు. లేనిది ఎక్కడ దొరుకుతుంది? అక్క నాతో మొరపెట్టుకునేది. "నువ్వైనా చెప్పరా, నీ మాట వింటారు. అన్నం ముందు పెట్టుకుని కూడా ఏవో అంకెలు గొణుక్కుంటున్నారు. పోయింది బోర్డేగా, మనిషి కాదుగా!" అని. ఆవిడ మొహం చూడలేక పని ఉందని వచ్చేసేవాణ్ణి. ఆరేళ్ళు, తల్లీ. మీ అమ్మకి అప్పుడు పదీ పన్నెండూ ఉంటాయి. "నాన్నకి ఏమైంది మావయ్యా?" అని అదే అడిగింది నన్ను. "చూపు తగ్గిందమ్మా, అందుకని బెంగ" అన్నా. మీ అమ్మకి ఆ మాట చెప్పింది ఇంకెవరో కాదు.

ఆరో ఏడు కబురొచ్చింది, వెంటనే రమ్మని. ఒంట్లో బాగోలేదేమో అని పరిగెత్తా. వెళ్తే గుమ్మంలోనే ఎదురొచ్చాడు, మొహం వెలిగిపోతోంది. "దొరికిందిరా!" అన్నాడు. చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, భూతద్దం చేతికిచ్చి, "ఇక్కడ చూడు, అరవై రెండో వైరు పక్కన, సోల్డరు తునక, నలుసంత. కనబడుతోందా?" అన్నాడు. చూశా. ఒక గీత ఉంది, అంతే. అన్నేళ్ళు భూతద్దం అంచు ఆనించి ఆనించి పడ్డ గీత. అప్పుడైనా నోరు తెరవొచ్చుగా నేను? "కనబడింది బావా" అన్నా. ఆయన హమ్మయ్య అని కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఒరేయ్, నీకొకటి చెప్పాలి, ఏమనుకోకు. ఈ ఆరేళ్ళూ మనసులో ఒక మూల నిన్ను అనుమానించానురా. కొలిచానని అబద్ధం చెప్పావేమో అనుకున్నా. పెంచిన చేత్తోనే పాపం మూటగట్టుకున్నా. నన్ను క్షమించరా" అన్నాడు. ఏడ్చాడమ్మా. నేనేమో ఆయన వీపు నిమిరి, "ఫర్లేదులే బావా, ఎవరికైనా అనిపిస్తుంది" అన్నా. క్షమించాను మీ తాతయ్యని. నేను. నెల తిరక్కుండానే పోయాడు, నిద్రలో, ప్రశాంతంగా పోయాడని అందరూ అన్నారు.

ఏమ్మా, తిట్టు, తిట్టాలనుంటే. తిట్టించుకోవడానికి ఇంకెవరూ మిగల్లేదు నాకు, అక్క కూడా పోయె. ... ఏంటి, మీ అమ్మకా? ఇప్పుడా? నిజమేలే, దానికి తెలియాలి, వాళ్ళ నాన్న చేతుల్లో ఏ లోపమూ లేదని దానికి తెలియాలి. నువ్వు చెప్పకూడదు, నేనే చెప్పాలి. ఫోను కలుపు, కలిపి ఇటివ్వు. ... మోగుతోందా? ... ఆఁ, అమ్మాయీ, నేనే, మావయ్యని. బాగున్నానే. ఆఁ, ఇక్కడే ఉంది నీ కూతురు, బోర్డు తెచ్చి చూపించింది. ... ఆఁ. చూశా. ... అవునమ్మా, పాతదైపోయింది, ఇంక బాగవ్వదు. ... అంతే, అంతే. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?